సానియా మీద గెలిచిన ఆ అమ్మాయి

2022 జనవరి 19. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్, మహిళల డబుల్స్ మొదటి రౌండు. ఒకవైపు మన సానియా మీర్జా, ఉక్రెయిన్‌కి చెందిన నదియా కిచెనోక్. అవతల ఇద్దరు స్లొవేనియా అమ్మాయిలు. 4-6, 6-7తో సానియా వాళ్లు ఓడిపోయారు. ఆ మ్యాచ్ అయ్యాకే సానియా ఇదే నా ఆఖరి సీజన్ అని చెప్పేసింది. ఒళ్లు కోలుకోవడానికి మునుపటికన్నా ఎక్కువ రోజులు పడుతోందని, మోకాలు నొప్పి పెడుతోందని, మూడేళ్ల పిల్లాణ్ణి వెంటేసుకుని ఈ కరోనా రోజుల్లో దేశాలు తిరగడం కష్టంగా ఉందని చెప్పింది.

హైదరాబాద్‌లో టెన్నిస్ ఆడే పిల్లలున్న ఇళ్లలో ఆ సాయంత్రం ఎలా గడిచిందో మళ్లీ చెప్పక్కర్లేదు. మా ఇంట్లో అయితే అన్నాలు తొమ్మిదిన్నర దాకా ఎవరికీ గుర్తు రాలేదు. మా ఆయన మూడుసార్లు అడిగారు, "ఇంతకీ ఎవరు వాళ్లు, ఆ ఇద్దరూ?" అని. నేను చదివిన వార్తల్లో వాళ్ల సంగతి ఒక్క వాక్యంలో అయిపోయింది. పేర్లు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉన్నాయి. అప్పుడు మా అమ్మాయి లోపలి గదిలోంచి అరిచింది. "అమ్మా, ఆ జిదాన్‌షెక్ పోయిన జూన్‌లో ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ ఆడింది కదా! నువ్వూ నేనూ చూశాం!"

చూశాం. నిజమే. చూసి కూడా మర్చిపోయాను. ఏడు నెలల్లో మర్చిపోయాను. ఆ సిగ్గుతోనే తమారా జిదాన్‌షెక్ ఆటని అప్పటినుంచి వెంటబడి చూస్తూ వచ్చాను. ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం వేరే. మొన్న మా పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మాటల మధ్యలో ఆవిడ పేరు వస్తే ఒక పెద్దాయన "అదా, ఒక్క టోర్నీ మెరుపు. గాలివాటంగా గెలిచింది, మళ్లీ కనబడలేదు" అని రాశారు. చాలామంది బొటనవేలు గుర్తు పెట్టారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపం లేదు. ఆ మాట తప్పు. ఎందుకు తప్పో గ్రూపులో నాలుగు లైన్లలో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నాకెందుకు ఇంత పట్టుదల అనిపిస్తుంది. మా అమ్మాయి ఎనిమిదో ఏట రాకెట్ పట్టింది, పదహారో ఏట వదిలేసింది. మధ్యలో ఎనిమిదేళ్లు. పొద్దున్న అయిదింటికి లేచి కోర్టు, అక్కణ్ణుంచి స్కూలు, సాయంత్రం మళ్లీ కోర్టు. శని, ఆదివారాలు టోర్నమెంట్లు. విజయవాడ, వైజాగ్, బెంగళూరు, చెన్నై, రాత్రి బండ్లలో స్లీపర్ బెర్తులు, స్టేషన్ పక్క లాడ్జీలు. కిట్ బ్యాగులో మూడు రాకెట్లు, ఇడ్లీ డబ్బా, ఎలక్ట్రాల్ ప్యాకెట్లు. అక్కడికి వెళ్లగానే గోడకి అంటించిన డ్రా కాగితం, అంటే ఎవరు ఎవరితో ఆడాలో రాసిన పట్టిక, ముందు పిల్లలూ తల్లులూ గుంపుగా నిలబడేవాళ్లం. వేలు పెట్టి మన పేరు వెతుక్కోవడం, పక్క గీతలో ఎవరున్నారో చూడటం. మొదటి రౌండులో టాప్ సీడ్, అంటే ఆ టోర్నీలో అందరికన్నా పై ర్యాంకు పిల్ల, తగిలితే ఆ వేలు అక్కడే ఆగిపోయేది. మధ్యాహ్నానికల్లా ఓడిపోయి, రాత్రి బండి దాకా ఏం చేయాలో తోచక ప్లాట్‌ఫారం మీద కూర్చున్న రోజులు ఎన్నో. ఒకసారి ఒక కోచ్ నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, ర్యాంకు రాకపోతే ఇదంతా దండగ, పాపని చదువులో పెట్టుకోండి" అన్నాడు. పాప రెండడుగుల దూరంలో నీళ్లు తాగుతోంది. వినే ఉంటుంది.

అందుకే "గాలివాటం" అనే మాట నాకు అంత తేలిగ్గా పోదు.

తమారా జిదాన్‌షెక్ 1997 డిసెంబర్ 26న పోస్టోయ్నాలో పుట్టింది. ఆ ఊరికి పేరంతా అక్కడి సున్నపురాయి గుహల వల్ల. మన బొర్రా గుహల జాతే, కాకపోతే చాలా పొడుగు, లోపల చిన్న రైలు నడుస్తుంది. చిన్నప్పుడు స్నోబోర్డింగ్ పోటీల్లో కూడా దిగేది. ఆల్ప్స్ కొండల దేశం, మంచు ఆటలు అక్కడి పిల్లలకి నడకలాంటివి. ఆ తర్వాత టెన్నిస్ వైపు వచ్చేసింది. బంతికి బాగా స్పిన్ ఎక్కించే ఫోర్‌హ్యాండ్, ఎర్రమట్టి కోర్టుకి సరిపోయే ఆట.

ఇక్కడే మన వాళ్లు చూడని భాగం మొదలవుతుంది. ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నమెంట్లని ఉంటాయి. వాటిలో చిన్నవి మొత్తం ప్రైజ్ మనీ 15,000 డాలర్లు. అంటే సింగిల్స్‌లో 32 మంది, డబుల్స్ జోడీలు, అందరూ కలిసి పంచుకునేది అంతే. ఖాళీ స్టాండ్లు, బంతులు ఏరే పిల్లలుండరు, చాలాచోట్ల లైన్ల మీద అంపైర్లూ ఉండరు. ఇలాంటి చోట జిదాన్‌షెక్ పదికి పైగా టైటిళ్లు గెలిచింది. ఆ పైమెట్టు మీద, క్రొయేషియాలోని బోల్ అనే ద్వీపపు ఊళ్లో జరిగే డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) 125 స్థాయి టోర్నమెంటుని 2018లో గెలిచి, 2019లో మళ్లీ వెళ్లి నిలబెట్టుకుంది. అదే 2019లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో ఇంకా పైమెట్టైన అసలు డబ్ల్యూటీఏ టూర్‌లో మొదటిసారి ఫైనల్ ఆడింది. మొదటి సెట్ గెలిచి, యూలియా పుతింత్‌సేవా చేతిలో ఓడిపోయింది. 2021 ఏప్రిల్‌లో కొలంబియా రాజధాని బొగొటాలో మళ్లీ ఫైనల్. మళ్లీ మొదటి సెట్ తనదే. కొలంబియా ముద్దుబిడ్డ మరియా కమీలా ఒసోరియో చేతిలో మళ్లీ ఓటమి.

రెండు ఫైనళ్లు, రెండుసార్లూ ముందంజలో ఉండి పోగొట్టుకుంది. ఆడే పిల్లల్ని కన్నవాళ్లకి తెలుస్తుంది, అలా పోయిన మ్యాచ్ ఎన్ని నెలలు ఇంట్లో ఉంటుందో. ఆ తర్వాత నెలన్నరకే పారిస్.

2021 ఫ్రెంచ్ ఓపెన్ నాటికి జిదాన్‌షెక్ ర్యాంకు 85. అప్పటిదాకా ఏ గ్రాండ్‌స్లామ్ (ఏడాదికి నాలుగే జరిగే పెద్ద టోర్నీలు) సింగిల్స్‌లోనూ రెండో రౌండు దాటలేదు. డ్రాలో మొదటి రౌండు ప్రత్యర్థి బియాంకా ఆండ్రీస్కూ, ఆరో సీడు, 2019 యూఎస్ ఓపెన్ విజేత. మా గోడ మీద కాగితం గుర్తొస్తుంది నాకు ఇక్కడ. వేలు ఆ గీత మీద ఆగిపోయే ఉంటుంది.

మొదటి సెట్, 6-6 దగ్గర దాన్ని తేల్చే టై బ్రేక్‌లో పోయింది, అదీ 1-7తో, చిత్తుగా. రెండో సెట్ కూడా టై బ్రేక్‌కే వెళ్లింది, ఈసారి తనది, 7-2. అప్పట్లో పారిస్‌లో చివరి సెట్‌కి టై బ్రేక్ లేదు. మూడో సెట్ 6-6 దాటింది, 7-7 దాటింది. చివరికి 9-7. మూడు గంటల ఇరవై నిమిషాలు. గాలివాటం అంతసేపు వీయదు.

రెండో రౌండు అమెరికా అమ్మాయి మ్యాడిసన్ బ్రెంగుల్ మీద, ఇబ్బంది లేకుండా. మూడో రౌండు కతెరీనా సినియకోవాతో. చెక్ అమ్మాయి, డబుల్స్‌లో ప్రపంచంలోనే మేటి, ఆ ఏడు అక్కడ డబుల్స్ టైటిల్ కూడా ఆవిడదే. జిదాన్‌షెక్ మొదటి సెట్ 0-6తో పోగొట్టుకుంది. ఒక్క గేమ్ కూడా రాలేదు. అక్కణ్ణుంచి రెండో సెట్ టై బ్రేక్ 7-5తో లాక్కుని, మూడోది 6-2తో ముగించింది. నేను మా అమ్మాయితో చాలాసార్లు అనేదాన్ని, 0-6 అయ్యాక కుర్చీలో కూర్చుని టవల్ మొహం మీద వేసుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుందో, అదే ఆటగాళ్లకీ మిగతావాళ్లకీ తేడా అని. జిదాన్‌షెక్ ఆ టవల్ కింద ఏమనుకుందో ఎవరికీ తెలీదు. బయటికి వచ్చాక ఏం చేసిందో స్కోరులో ఉంది.

నాలుగో రౌండులో రొమేనియా అనుభవజ్ఞురాలు సొరానా కిర్‌స్టియా మీద వరుస సెట్లలో గెలిచింది. దాంతో క్వార్టర్ ఫైనల్. జూన్ 8, మంగళవారం. అవతల స్పెయిన్ అమ్మాయి పావులా బడోసా. పారిస్‌కి ముందే బెల్‌గ్రేడ్‌లో మట్టి మీద టైటిల్ గెలిచి ఊపు మీద వచ్చింది. ఆ మ్యాచ్ మేమిద్దరం ల్యాప్‌టాప్‌లో చూశాం. అప్పటికి కరోనా రెండో వేవ్ ఇంకా పూర్తిగా తగ్గలేదు. మా వీధిలో రెండిళ్లలో మనుషులు పోయారు. అమ్మాయి ఇంటర్ పరీక్షలు రద్దవుతాయో జరుగుతాయో తెలీని రోజులు. కోర్టులు మూసేశారు. రాకెట్ బీరువా మీదికెక్కి ఏడాది దాటింది. తను అప్పటికే ఆట మానేసినట్టే, పైకి అనడం లేదు అంతే.

జిదాన్‌షెక్ మొదటి సెట్ 7-5తో గెలిచింది. రెండోది 4-6తో పోయింది. మూడోది 6-6. ఆ దగ్గర తన సర్వీస్‌లో మూడు బ్రేక్ పాయింట్లు ఎదుర్కొంది. తెలియనివాళ్ల కోసం చెప్తాను. బ్రేక్ పాయింట్ అంటే, ఆ ఒక్క పాయింటు పోతే సర్వీస్ చేసేవాళ్ల గేమ్ పోయినట్టే. 6-6 దగ్గర సర్వీస్ పోతే అవతలి అమ్మాయి 7-6తో ముందుకెళ్లి, తర్వాతి గేమ్‌లో తన సర్వీస్‌తో మ్యాచ్ ముగించేయొచ్చు. అంటే ఆ మూడు పాయింట్లలో ఏ ఒక్కటి చేజారినా దాదాపు ఇంటికే. మా అమ్మాయి అప్పటిదాకా మంచం మీద పడుకుని చూస్తున్నదల్లా లేచి నేల మీద కూర్చుంది. మొదటిది కాపాడుకుంది. రెండోది కాపాడుకుంది. మూడోదాని దగ్గర నేను ల్యాప్‌టాప్ నుంచి మొహం తిప్పేసుకున్నాను, చూళ్లేక. "పట్టుకుందమ్మా" అంది మా అమ్మాయి, అంతే, మెల్లిగా. 7-6. వెంటనే బడోసా సర్వీస్‌ని విరగ్గొట్టింది. 8-6.

సెమీస్‌లో రష్యా అమ్మాయి అనస్తాసియా పావ్ల్యుచెంకోవా చేతిలో 5-7, 3-6తో ఓడింది. పావ్ల్యుచెంకోవాకి అది 52వ గ్రాండ్‌స్లామ్. 52 ప్రయత్నాల తర్వాత మొదటి ఫైనల్. ఆ ఏడు సెమీస్ చేరిన నలుగురూ, క్రెజ్చికోవా, సక్కారి, పావ్ల్యుచెంకోవా, జిదాన్‌షెక్, అంతకుముందు ఎప్పుడూ ఏ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ సెమీస్ ఆడనివాళ్లే.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైనది. ఆ రెండు స్కోర్లు, 9-7, 8-6, ఇప్పుడు పారిస్‌లో సాధ్యం కావు. అప్పటికి మిగతా మూడు గ్రాండ్‌స్లాములూ చివరి సెట్‌కి కూడా ఏదో ఒక టై బ్రేక్ పెట్టుకున్నాయి. పారిస్ ఒక్కటే రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడించేది. 2022 నుంచి నాలుగు చోట్లా ఒకే పద్ధతి వచ్చింది, 6-6 దగ్గర పది పాయింట్ల టై బ్రేక్. జిదాన్‌షెక్ ఆ పాత పద్ధతి ఆఖరి ఏడు, రెండుసార్లు, ఆ పొడుగాటి మూడో సెట్లు గెలిచింది. టై బ్రేక్ అయితే ఓడేదా అంటే చెప్పలేం. కానీ ఎంత పొడుగైతే అంత ఓపిక కావాలి, ఆ ఓపిక ఆ చిన్న చిన్న ఊళ్ల ఖాళీ స్టాండ్ల ముందు కూడబెట్టుకున్నది. ఇది నా గట్టి నమ్మకం.

సెమీస్ చేరినందుకు ప్రైజ్ మనీ 3,75,000 యూరోలు, మన డబ్బులో మూడు కోట్ల పైమాటే. మా ఆడపడుచు ఇది విని, "చూశావా, అంత వస్తుందని తెలిస్తే మన పిల్లని కూడా మానిపించేవాళ్లం కాదుగా వదినా" అంది. నాకు ఆ మాటకి ఏడుపొచ్చింది. పన్నులు పోను, కోచ్, ఫిజియో, ఏడాది పొడుగునా విమానాలు, హోటళ్లు పోను మిగిలేదెంతో తర్వాతి మాట. ఆ రెండు వారాలకి ముందున్న సంవత్సరాల్లో ఎవరూ ఆ అమ్మాయికి చెక్కు పట్టుకుని ఎదురు చూడలేదు. అప్పుడు కూడా ఆడింది.

పారిస్ తర్వాత జులైలో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో మూడో ఫైనల్. ఎదురుగా ఫ్రాన్స్ అమ్మాయి క్లారా బ్యురెల్. ఈసారి మొదటి సెట్ పోయింది, 4-6. రెండోది టై బ్రేక్‌లో గెలిచి, మూడోది 6-1. ముందు రెండు ఫైనళ్లలో మొదటి సెట్ గెలిచి ఓడిన పిల్ల, మొదటి సెట్ ఓడి టైటిల్ గెలిచింది. పారిస్ గాలివాటమైతే లొజాన్ ఏమిటి మరి? ఆ తర్వాత 2022 జనవరిలో ఆస్ట్రేలియాలో సింగిల్స్ మూడో రౌండు, ఫిబ్రవరిలో ర్యాంకు 22.

ఇక్కడ సానియా దగ్గరికి మళ్లీ రావాలి. సానియా సింగిల్స్‌లో చేరిన అత్యుత్తమ ర్యాంకు 27, 2007లో. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఒక్కటే, 2005లో మన హైదరాబాద్ ఓపెన్. యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు ఆడింది అదే ఏడు. ఇవి చెప్పుకుని మనం ఇరవై ఏళ్లుగా మురిసిపోతున్నాం, మురిసిపోవాల్సిందే. ఆ రోజుల్లో మా కాలనీలో ఆడపిల్లల చేతుల్లోకి రాకెట్లు వచ్చాయంటే సానియా వల్లే. డబుల్స్‌లో ఆరు గ్రాండ్‌స్లాములు, నంబర్ వన్, అది వేరే ఎత్తు, దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. కానీ సింగిల్స్ వరకే చూస్తే జిదాన్‌షెక్ ర్యాంకు ఇంకా పైది, టైటిళ్లు సమానం, గ్రాండ్‌స్లామ్‌లో ఇంకో రెండు రౌండ్లు ముందు. సానియా సింగిల్స్ కెరీర్‌ని గాలివాటం అని ఎవరైనా అంటే మనం ఊరుకుంటామా? అదే న్యాయం అవతలి అమ్మాయికి ఎందుకు లేదు?

మళ్లీ కనబడలేదు అంటున్నారు కదా, దాని సంగతి. టెన్నిస్ ర్యాంకు ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ మాట అంత సులువుగా రాదు. ఒక టోర్నమెంటులో వచ్చిన పాయింట్లు 52 వారాలే ఉంటాయి. గ్రాండ్‌స్లామ్ సెమీస్‌కి 780 పాయింట్లు. ఏడాది తిరిగేసరికి అవి పోతాయి, మళ్లీ అంతే దూరం వెళ్తేనే నిలుస్తాయి. 2022లో పారిస్‌లో ఆమె అంత దూరం వెళ్లలేకపోయింది. ఆ వెంటనే వింబుల్డన్, ఆ ఏడు రష్యా, బెలారస్ ఆటగాళ్లని రానివ్వకపోవడంతో అక్కడ ఎంత గెలిచినా ఎవరికీ పాయింట్లే ఇవ్వలేదు. ర్యాంకు మెట్లు దిగడం మొదలుపెట్టింది. 2023కల్లా నూరుకి అవతల.

నూరు అనేది ఉత్తి అంకె కాదు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. వాళ్లలో ర్యాంకుని బట్టి నేరుగా వచ్చేవాళ్లు 104 మంది దాకా. ఇంకో ఎనిమిది మందికి వైల్డ్ కార్డులు, అంటే నిర్వాహకులు తమ ఇష్టం మీద ఇచ్చే చోట్లు. మిగతా 16 మంది క్వాలిఫయింగ్ నుంచి రావాలి. అంతకుముందు వారం ఇంకో 128 మంది చేరి, మూడు మ్యాచ్‌లు వరుసగా గెలిస్తే ఆ 16లో చోటు. ఎవరికైనా మొదటి రౌండులో ఓడినా పెద్ద మొత్తం వస్తుంది, 2021 పారిస్‌లో 60,000 యూరోలు. ఏడాదికి నాలుగు అలాంటివి. కోచ్‌ని పెట్టుకోగలమా, మానేయాలా అన్నది ఆ నాలుగు చెక్కులే తేలుస్తాయి. 85వ ర్యాంకు అమ్మాయికీ 115వ ర్యాంకు అమ్మాయికీ ఆటలో తేడా వెంట్రుకవాసి, బతుకులో తేడా ఆకాశమంత.

క్వాలిఫయింగ్ ఎలా ఉంటుందో ఇంకో స్లొవేనియా అమ్మాయి దలీలా యాకుపోవిచ్ వల్ల ప్రపంచమంతా చూసింది. 2020 జనవరి, మెల్బోర్న్. అడవులు తగలబడి ఊరంతా పొగ. అయినా క్వాలిఫయింగ్ ఆపలేదు. యాకుపోవిచ్ మొదటి సెట్ 6-4తో గెలిచి, రెండోది 5-6 మీద ఉన్నప్పుడు దగ్గుతో మోకాళ్ల మీద కూలబడిపోయింది. ఊపిరి ఆడక మ్యాచ్ వదిలేసుకుంది. పెద్ద స్టేడియంలో పెద్ద పేరున్న ఆటగాళ్లు అప్పటికింకా కోర్టులోకే దిగలేదు. ఆ వీడియో చూసిన రోజు మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

పారిస్ సెమీస్ ఆడినమ్మాయి ఆ క్వాలిఫయింగ్‌కి తిరిగి వెళ్లింది. మళ్లీ వెనకాల కోర్టులు, మళ్లీ చిన్న టోర్నీలు. ఒకసారి పైన కూర్చున్నాక కిందికొచ్చి ఇరవై ఏళ్ల పిల్లలతో పొద్దున్న పదింటి మ్యాచ్ ఆడటానికి ఎంత మనసు కావాలి! నన్నడిగితే పారిస్ కన్నా ఇదే కష్టం. ర్యాంకు పడిపోయిన ఆ 2023లోనే, నవంబరులో, స్పెయిన్‌లోని సెవిల్‌లో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్ (దేశాల మహిళా జట్ల టెన్నిస్ పోటీ) ఫైనల్స్‌లో స్లొవేనియా ఆస్ట్రేలియాని దాటి సెమీస్ చేరింది. ఆ దేశానికి అది మొదటిసారి. సానియా మీద గెలిచిన అదే ఇద్దరమ్మాయిలు, జిదాన్‌షెక్, కాయా యూవాన్, ఆ జట్టుకి వెన్నెముక. సెమీస్‌లో ఇటలీ చేతిలో ఓడారు.

స్లొవేనియా ఎంత దేశం? జనం 21 లక్షలు. మన పాత నిజామాబాద్ జిల్లాలో 2011 లెక్కల ప్రకారమే 25 లక్షల మంది ఉన్నారు. దేశంగా ఏర్పడింది 1991లో. సైకిల్ తొక్కితే 2020 టూర్ ద ఫ్రాన్స్‌లో మొదటి రెండు స్థానాలూ వాళ్లవే, పొగాచార్, రోగ్లిచ్. బాస్కెట్‌బాల్‌లో లూకా డాన్చిచ్. టెన్నిస్ డబుల్స్‌లో కతరీనా స్రెబోత్నిక్ 2011లో వింబుల్డన్ గెలిచి నంబర్ వన్ అయింది. మన సానియా కరోనా తర్వాత తిరిగి ఆట మొదలుపెట్టింది కూడా ఒక స్లొవేనియా అమ్మాయి పక్కనే, 2021 మార్చిలో దోహాలో ఆంద్రెయా క్లెపాచ్‌తో కలిసి సెమీస్ దాకా వెళ్లింది. ఇక జిదాన్‌షెక్‌ని గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ సెమీస్ చేరిన మొదటి స్లొవేనియా మహిళ అంటారు. స్వతంత్ర దేశంగా చూస్తే సరే. మరిబోర్ అమ్మాయి మీమా యాషోవెత్స్ 1977లోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది, కాకపోతే అప్పుడు జెండా యుగోస్లావియాది. ఆమెని కూడా తలుచుకోవడం న్యాయం.

నిజామాబాద్ అనగానే నిఖత్ జరీన్ గుర్తొస్తుంది కదా. 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్. అంటే పిల్లల్లో లోటు లేదు. మనం లెక్కపెట్టే పద్ధతిలోనే ఏదో ఉంది. పతకం వస్తే పూలదండలు, రాకపోతే "దండగ". ఎనభై అయిదో ర్యాంకు అంటే మనకి ఏమీ కానట్టు. ప్రపంచంలో కోట్లమంది ఆడపిల్లలు రాకెట్ పట్టే ఆటలో 84 మంది తర్వాత తను! మా అమ్మాయి రాష్ట్రంలో ముప్పయ్యో ర్యాంకు దాకా వచ్చింది. ఆ ముప్పై కోసం పడ్డ కష్టం నేను కళ్లారా చూశాను. అందుకే ఎనభై అయిదు అంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు.

ఆ పెద్దాయనకి నేను చెప్పాలనుకున్నది ఇదే. పైకి ఆ రెండు వారాలే కనబడతాయి. అంతకుముందు పదేళ్లున్నాయి, ఆ తర్వాత దిగివచ్చి ఆడిన ఏళ్లున్నాయి. అన్నీ కలిపితేనే ఆ అమ్మాయి కెరీర్. అందులో ఏ ముక్కకీ గాలి సాయం లేదు.

ఇది రాస్తుంటే మా అమ్మాయి వచ్చి భుజం మీంచి చూసింది. ఇంజినీరింగ్ చివరి ఏడు, సెలవులకి వచ్చింది. బడోసా మ్యాచ్ గురించి రాసిన చోట ఆగి, "ఆ గేమ్ వీడియో ఉందా అమ్మా, చూద్దాం" అంది. చూశాం. ఈసారి మూడో బ్రేక్ పాయింట్ దగ్గర నేను మొహం తిప్పుకోలేదు. అయ్యాక కుర్చీ వేసుకుని బీరువా మీంచి కిట్ బ్యాగు దించింది. జిప్ తుప్పు పట్టి రాలేదు, నూనె రాస్తే వచ్చింది. లోపల రాకెట్ గ్రిప్ అంతా జిగురు జిగురుగా కరిగిపోయి ఉంది. కత్తెర ఎక్కడుందమ్మా అని అడిగింది.